వాడు పట్టిన నీళ్లు

హలో… ఆ, నేనే తిప్పేషూ. మీ అన్న కాదు, మీ వదినను.

ఈడే ఉండాడు, అరుగు మీద. నీ పేరు కనపడంగానే ఫోను తెచ్చి నా ఒళ్లో ఏసి పోయి కూచున్న్యాడు. పొయ్యి మీది గిన్నె పట్టుకొచ్చినట్ల పట్టుకొచ్చినాడు దాన్ని.

…విత్తనం శెనక్కాయలు ఒలుస్తాండా. వాన పడినా పడకపోయినా ఒలిచి పెట్టుకోవాల గదా. గోర్లన్నీ అరిగిపాయ.

తింటి. సంగటి తింటి. ఆయప్ప గూడా తినె, రోంత. నువ్వు? …ఇంగా లేదా. మెకానిక్కోల్లు యాడ తింటారులే, చేతులు కడుక్కునే లోపల ఇంగో బండి వచ్చి నిలబడతాది.

ఊఁ…

ఊఁ… రాయదుర్గంలో ఎండలు శానా ఉండాయా. తిప్పేషూ, రాయదుర్గం ఎండ సంగతి నాకు చెప్పేదానికి నువ్వు ఫోను చేయవులే. మీ అన్న బండి సంగతి చెప్పు.

…విప్పినావా. అంతా విప్పినావా?

నిమ్మళంగా చెప్పప్పా. హెడ్డంటావు, బ్లాకంటావు, బోరంటావు. ఇంజన్‌లో గూడా బోరుంటాదా? మా చేన్లో బోరు మాదిరి అదీ ఎండిపోయిందా ఏంది?… నవ్వినావు గదా. సాలు. ఇప్పుడు సక్కగా చెప్పు. బతుకుతాదా, బతకదా?

…

బ్లాకే చీలిపోయిందా.

మల్ల అతికించేదానికి… ఊఁ. కాదంటావు.

చెప్పు, గట్టిగానే చెప్పు. పోయిందంటే పోయిందని చెప్పు. నా తావ నసుగుతావేంది. అది మనిషా? ఇనుము. ముసిలిదైపాయ. మా ఓబిలేషు బడికి పోయేటప్పటి బండి అది. గొర్రెపిల్లల్ని సంతకు తోలే దినం వాన్ని గూడా వాటి మధ్యన కూచోబెట్టుకోని పోయి బడి కాడ దింపేవాడు మీ అన్న. వాని చొక్కా వాసనకు అయ్యవారు కడా బెంచీకి తోలేవాడు. వీడు ఇంటికొచ్చి అదేదో పెద్ద బహుమానం మాదిరి చెప్పేవాడు, నాకు కిటికీ కాడ తావు ఇచ్చినారమ్మా అని.

…నిజమే చెప్తాండా. నీకు చెప్పల్యా వాడెప్పుడూ? మీరిద్దరూ ఒకే తట్టలో తిని తిరిగినోల్లు గదా.

…

సరే. ఇంజన్ పాయ. బండి?

ఊఁ. ఛాసీ బాగుండాది… గేర్‌బాక్సు బాగుండాది… టైర్లు కొత్తవి… ఇంజన్ ఒక్కటి మారిస్తే ఇంగా శానా ఏండ్లు…

ఆగు.

ఆగప్పా ఆడ. నువ్వు యాడికి పోతాండావో నాకు తెల్సు. ఆ దోవన రావద్దు.

వద్దని పోయిన వారమే మీ అన్నతో చెప్పి పంపిస్తి గదా. మీ అన్న చెప్పల్యా?

…ఆమెను అడుగు అన్న్యాడా.

అన్నిటికీ అదే మాట ఇప్పుడు. కూరలో ఉప్పు సాలిందా అంటే, ఆమెను అడుగు అంటాడు. ఆ ఆమెను నేనే గదా. నేను పోయి ఎవురిని అడగాల?

విను తిప్పేషూ. ఇంజన్ మార్చాలంటే మార్చు, నేనేమీ వద్దనల్యా. బళ్లారిలో పాత ఇంజన్లు దొరుకుతాయంటారు గదా. ఒకటి తెచ్చి ఏసెయ్. …ఎవురు తోలినారో తెల్దా. ఎట్ల తోలినారో తెల్దు. ఆరు నెల్లకే మల్ల నిలబడినా నిలబడొచ్చు. నిలబడనీ. నా కొడుకు బండి జోలికి, దాని ఇంజన్ జోలికి మాత్రం పోవద్దు.

…

అది నీ షెడ్డులో ఉండాది గదా, పట్ట కప్పుకోని. ఉండనీ. నీకు అడ్డమైతే చెప్పు, ట్రాక్టరు తెచ్చి లాక్కొచ్చుకుంటాం. ఎద్దుల్ని అమ్మినాక కొట్టం ఖాళీగానే ఉండాది.

…అడ్డం కాదులే. తెల్సప్పా. ఏడాది పెట్టుకున్న్యావు, ఒక్క మాట అనల్యా. బాడుగ షెడ్డులో అంత తావు ఎవురిస్తారు. తెల్సు నాకు.

…

ఎవురు వస్తాండారు?

బళ్లారి గుజిరీ ఆయనా. పాతినుము కొనేటోడు. ఈ పొద్దేనా? …మద్యాన్నానికి. వాన్నెవురు పిలిచినారు?

…

మీ అన్ననా.

ఉండు. పెట్టొద్దు ఫోను. …ఏమయ్యా. గుజిరీ ఆయన్ను రమ్మని చెప్పినావంట. రెండు బండ్లూ తూకానికి ఇచ్చేస్తానంటివంట. …ఇట్ల చూడు. నిన్నే.

తల ఊపుతాండాడు తిప్పేషూ. అవునని ఊపుతాండాడో, తెల్దని ఊపుతాండాడో.

…ఎంతిస్తాడో నాకు చెప్పొద్దు. వద్దు. నా కొడుకు బండిని తక్కెడలో పెట్టి రేటు చెప్తే నేను వినలేను.

…

బెంగళూరు మాట నీతో గూడా అన్న్యాడా.

ఊఁ. అపార్టుమెంటు కాడ గేటు తీసే పని. ఆయప్ప పిన్నమ్మ కొడుకు చూసిపెడతాడంట. మెట్ల కింద రూమంట. మా ఊళ్లో సగం ఇండ్లకు బీగాలే గదా, అందరూ పోతాండారు, మేం గూడా పోతే ఎవురూ ఏమనుకోరులే. అయితే మీ అన్న గేటు తీసే మనిషా చెప్పు. వచ్చే పోయే కార్లకు సలాము కొట్టేదానికి పనికొస్తాడా? స్టీరింగు లేకపోతే ఆయప్పకు చేతులు యాడ పెట్టుకోవాల్నో తెల్దు. ఇప్పుడు చూడు, రెండు చేతులూ తొడల కింద పెట్టుకోని కూచోనుండాడు. బండి నిలబడిపోయినప్పటి నుంచి అట్లే కూచుంటాండాడు.

…

నీకు తెల్దా. ఆ జీన్సు మూటల పని ఆయప్పకు ప్రాణం. మీ రాయదుర్గంలో కత్తిరించిన గుడ్డ ఏసుకోని వచ్చి, మిషన్లుండే ఆడోల్ల ఇండ్ల కాడ దించేది, కుట్టిపెట్టినవి మల్ల ఎత్తుకోని పోయేది. ఓబిలేషు కొత్త బండి తీసినాక నాయన ఒక తట్టు ఊర్లు, కొడుకు ఇంగో తట్టు ఊర్లు. మాపటేల ఎవురు ముందు ఇల్లు చేరతారని పందెం. ఓడినోల్లు సంగటి కెలకాల. ఎప్పుడు చూడు వాడే కెలికేవాడు. ఊరి బయట బండి నిలబెట్టుకోని, నాయన బండి పోయినాక వచ్చేవాడు. నాకు తెల్సు. ఆయప్పకూ తెల్సు. తెలిసీ, ఈ పొద్దు గూడా గెలిస్తినే అని వచ్చి కాళ్లు సాపుకోని కూచునేవాడు.

…ఏడవల్యా. కాయల దుమ్ము కండ్లల్లో పడింది.

…

అడుగు. యాల వద్దంటాండావని గదా.

ఊరంతా అంటాండారప్పా. మొన్న బోరు కాడ సుంకమ్మ అందరి ముందర్నే అనె. మనిషిని తిన్న బండి సామాను ఇంగో బండికి తగిలిస్తే, దాని ఆకలి గూడా దాంతోనే వస్తాదంట. …పిచ్చి మాటే. నాకూ తెల్సు పిచ్చి మాటని. అయితే ఆ బండి ఎక్కి కూచునేది ఎవురు? మీ అన్న. నాకు మిగిలింది ఆ మనిషి ఒక్కడే.

…బండి తినల్యా. అవు. గొర్లు అడ్డమొచ్చినాయి. మారెప్ప గొర్లు, ఆ కల్వర్టు కాడ. వాడు బండి తిప్పినాడు. మందలో ఒక్క గొర్రె గూడా సావల్యా. అన్నీ దాటుకోని పాయ, వాడు వంకలో పడిపాయ.

చిన్నప్పుడు వాటి మధ్యన కూచోబెట్టినాం గదా. వాటి మీదికి యాడ పోనిస్తాడు.

…

ఊఁ. బండి పక్కకు పడింది, క్యాబిన్ నలిగింది, ఇంజన్‌కు గీత గూడా పడల్యా. అది నువ్వు ఆ పొద్దే చెప్తివి. సంతోషంగా చెప్తివి పాపం. నాకు ఎట్ల ఉంటాదప్పా ఆ మాట వింటే? నలిగిపోయేది ఆ ఇంజన్ నలిగిపోయి, నా కొడుకు లేసి వచ్చింటే…

సరేలే. నీ మీద కాదు. నీ మీద నాకేం కోపం.

…

మాట మారుద్దాం ఉండు. ఈ పాతది ఇట్లెట్ల పాయ, అది చెప్పు ముందు. వాడున్నప్పుడు ఒక్క దినం గూడా దోవలో నిలబడినట్ల ఎరగం. ఏమొచ్చె దానికి? ముసలితనమేనా?

…కాదా.

నీళ్లా? నీళ్లు లేకుండా కాలిపోయిందా? …కాదే. ఆయప్ప పోస్తానే ఉండె. పొద్దున లేసి ముందు బండికి పోసి, ఆమీద మొగం కడుక్కుంటాడు. నా కండ్లతో చూస్తాండా గదా.

ఏం నీళ్లంటే? నీళ్లే. మా ఇంటి ముందర బోరు నీళ్లు.

…

తెల్లగానా?

…మా ఎసరు గిన్నె లోపల కడతాదే, గీకితే పెచ్చులు పెచ్చులుగా లేస్తాదే, అదా? అది ఇంజన్ లోపల కట్టిందా?

నీళ్లు పోయే దోవలన్నీ పూడిపోయినాయా. నీళ్లు తిరగక, కాగి కాగి… ఊఁ… ఊఁ.

బోరు నీళ్లకే అంత పని అయితాదా. అవే గదప్పా మేం తాగేది. ఊరందరికీ పండ్లు గార పట్టినాయి, మోకాల్లు పట్టుకున్న్యాయి, అయినా తిరుగుతాండాం. అంత ఇనుముకు తట్టుకునే శక్తి లేకపాయనా?

…

వాడా? వాడు పోసేది…

ఫిల్టరు నీళ్లు.

అవు. రెండు తెల్ల క్యాన్లలో పట్టుకొచ్చేవాడు ప్లాంటు నుంచి. ఒకటి వాని బండికి, ఒకటి నాయన బండికి. నేను ఎన్ని తిడ్తినో వాన్ని. కన్నోల్లకు బోరు నీళ్లు, బండికి ఫిల్టరు నీళ్లా, నీకు బుద్ధుండాదా అని. ఏమనేవాడో తెల్సా. మీకు నేనుండా, దానికి ఎవురుండారమ్మా అనేవాడు.

…

నేను అది షోకనుకుంటి తిప్పేషూ. అద్దానికి పూసలు కట్టుకునేవాడే, అట్లాంటి షోకే అనుకుంటి. దాని ప్రాణం ఆ నీళ్లల్లో ఉండాదని నాకు తెల్దు.

మీ అన్నకు చెప్పినావా? …తల ఊపినాడు. ఊపుతాడు. పెండ్లికి పిలిచినా ఊపుతాడు, సావుకు పిలిచినా ఊపుతాడు.

…కొనుక్కోవచ్చు, అవు. దుడ్లు గాదప్పా. ప్లాంటు పక్క ఊళ్లో గదా ఉండేది. పోవాలంటే ఆ కల్వర్టు దాటాల. మీ అన్న ఏడాదిగా ఆ దోవ తొక్కల్యా. కుందుర్పికి పోవాలన్నా చుట్టు తిరుక్కోనే పోతాండాడు.

…

ఉండు.

ఉండు తిప్పేషూ. రోంచేపు గమ్మనుండు.

…

క్యాను ఈడుండాదప్పా.

వాడు తెచ్చింది. కడాది. ముందు దినం మాపటేల తెచ్చినాడు రెండు క్యాన్లు. పొద్దున్నే ఒకటి వాని బండిలో ఏసుకుండె. ఇంగోటి అరుగు మీద పెట్టి, ఇది నాయన బండికిమా, మల్ల జావలో పోసేవు అని నగుతా పాయ. అదే కడా మాట నాతో.

…ఉండాది. ఇంట్లో, విత్తనాల మూట ఎనకాల. మూత గూడా తీయల్యా. వాని దినాలకు వచ్చినామె ఎవురో చేతులు కడుక్కునేదానికి ఎత్తబోతే, గుంజుకోని లోపల పెట్టుకుంటి. వాడు పట్టిన నీళ్లు. వాడు బిగిచ్చిన మూత. నీళ్లను ఎవురైనా దాచిపెట్టుకుంటారా అంటే నేను పెట్టుకుంటి.

…కాదు, కాదు. నేను చెప్పేది అది కాదు. విను. మీ అన్న అడిగినాడు.

ఒక పొద్దు వాకిట్లో బండి నిలబెట్టి లోపలికొచ్చి, నా ముందర నిలబడినాడు. ఆ క్యాను ఇస్తావా, బండికి పోస్తా అన్న్యాడు. ఏడాదిలో ఆయప్ప నోరు తెరిచి నన్ను అడిగింది అదొక్కటే.

నేను ఏమంటినో తెల్సా.

దాన్ని ముట్టుకుంటే నీ చేతులు పడిపోతాయంటి.

…

ఎనక్కి తిరిగినాడు. పోయి బోరు కాడ బిందె పట్టినాడు. నేను కిటికీలో నుంచి చూస్తానే ఉంటి. బిందె ఎత్తి పోసినాడు, బానెట్టు మూసినాడు, పాయ. మల్ల అడగల్యా. నేను గూడా, హమ్మయ్య, ఇంగ అడగడులే అనుకుంటి.

అంటే ఆ ఇంజన్ ముసలితనంతో పోల్యా. నేనియ్యక పోయింది.

…నువ్వు కాదనే అంటావు. వదిన గదా.

…

అంత పట్టు ఎందుకు పడితినా?

చెప్తా. ఎవురికీ చెప్పల్యా ఇంతవరకు. ఆయప్పకు గూడా. రోంత మెల్లగా చెప్తా, చెవి దగ్గర పెట్టుకో.

మారెప్ప వచ్చినాడు గదా ఆ పొద్దు మా వాకిట్లోకి. తల బాదుకుంటా ఏడ్చె. నా చేతులు పట్టుకోని చెప్పినాడు. వాడు వెంటనే పోల్యా అంట. రోంచేపు ఉండెనంట. నీళ్లు అన్న్యాడంట.

…

మారెప్ప తావ ల్యా. బాటిలు పొద్దున్నే అయిపోయిండె. బండిలో క్యాను పగిలి, ఉండే నీళ్లన్నీ వంకలో ఇసుకలోకి ఇంకిపాయ. ఇసుకంతా తడేనంట, గుక్కెడు దొరకల్యా. మారెప్ప తువ్వాల ఆ తడిలో అద్ది, తెచ్చి వాని నోట్లో పిండే లోపల…

…

ఏడవొద్దప్పా. నువ్వేడిస్తే నేను చెప్పలేను.

ఊళ్లో ఎంత లేనోల్లయినా, పోయేటప్పుడు నోట్లో ఒక చుక్క పోస్తారు గదా. చెంబు పట్టుకోని అందరూ వరసగా నిలబడతారు గదా. నా కొడుకు నీళ్లు నీళ్లు అంటాంటే, నేనీడ ఎసరు పెట్టుకుంటా ఉంటి. వానికిష్టమని అలసందలు ఉడకేస్తా ఉంటి.

అందుకే ఆ క్యాను ఒక్కటన్నా ఇంట్లో నిండుగా ఉండాలనుకుంటి. పండుకుంటే వాడు అడిగినట్లే ఉంటాది తిప్పేషూ. లేసి పోయి దాన్ని తడుముకుంటా. ఉండాదిలే, నిండుగానే ఉండాది అనుకోని మల్ల వచ్చి పండుకుంటా.

…

ఊఁ. ఉండా. వింటాండా.

ఏంది వినాల? …యాడికి పోతాండావు? …స్పీకరా. ఎట్లప్పా పెట్టేది, ఇదేనా… ఆ, పెడితి. ఏంది ఆ సప్పుడు, పట్ట గుంజుతాండావా? యాల తీస్తాండావు? వద్దంటి గదా. తిప్పేషూ—

…

ఆపు.

ఆపప్పా దాన్ని.

…

ఉండు. ఆపొద్దు. ఆపొద్దు, రోంచేపు ఉండనీ.

…

ఏమయ్యా. …ఏమయ్యా, యాడికి పోతాండావు?

లేసినాడు తిప్పేషూ. మీ అన్న లేసి వాకిలి దాటి పోయినాడు. దోవలోకి పోయి, కండ్లకు చేయి అడ్డం పెట్టుకోని ఊరి బయట తట్టు చూస్తాండాడు.

ఏమయ్యా. అది దోవలో కాదు. ఫోన్లో. ఇట్ల రా… దోవలో ఏమీ రాల్యా. ఇట్ల రా.

…

ఇదే. ఇట్లే వినపడేది ఊరి బయట నుంచి. ఈ సప్పుడు వింటానే నేను తట్టలు కడిగి పెట్టుకునేదాన్ని. ఏడాది పడుకున్న్య ఇంజన్ మాదిరి ల్యా. వాడు మాపటేల మూటలు దించి వచ్చినట్లే ఉండాది…

…

యాల ఆపినావు?

నీళ్లు లేవా.

…ఆ పొద్దు నుంచి ఒట్టిదేనా రేడియేటరు? చుక్క గూడా లేదా? నీళ్లు లేకుండా ఎక్కువసేపు ఆడించకూడదా. మంచి పని చేసినావు ఆపి. ఇంగ ఆడించొద్దు. పాపం, ఎండిపోయిన గొంతుతో ఎంతసేపని.

…

ఊఁ. ఉండాలే. ఆయప్ప వచ్చి నా పక్కన కూచున్న్యాడు. చూస్తాండాడు ఫోను తట్టు.

…

తిప్పేషూ, ఒక మాట చెప్పు. నీళ్లు పాతబడితే చెడిపోతాయా? …తాగేదానికి కాదు. ఇంజన్‌కు. మూత తీయని నీళ్లు, ఎండ తగలనియ్యల్యా.

పనికొస్తాయా.

…పచ్చ మందేదో కలపాలంటావు. అది నువ్వు కలుపు. మందు నీది, నీళ్లు నావి.

…

విను. గుజిరీ ఆయనకు చెప్పు. చీలిపోయిన పాత ఇంజన్ ఎత్తుకోని పొమ్మను. ఓబిలేషు బండిది, ఆ నలిగిన క్యాబిన్ గూడా ఎత్తుకోని పోనీ. దాన్ని నేను ఇంగ చూడలేను. ఇంజన్ మాత్రం దించు. దించి, నాయన బండికి ఎక్కియ్.

…ఊఁ. తెలిసే చెప్తాండా. ఎక్కియ్.

సుంకమ్మ ఏమన్నా అననీ. దానికుండేది ఆకలి కాదు, దప్పిక. ఇప్పుడే వింటి గదా.

…

ఈ పొద్దే వస్తాం. దించేటప్పుడు నేను ఆడుండాల. …ఎక్కిచ్చేది ఎల్లుండి అయినా కానీ. నీ షెడ్డు బయట కూచుంటాంలే, మాకేం పని. ఒక్కటి మాత్రం చెప్తాండా. ఎక్కిచ్చినాక దాంట్లో నీళ్లు పోసేది నేను. నువ్వు పోయొద్దు. కొళాయివి గానీ, యాడివి గానీ, నేనొచ్చేదాకా ఒక్క చుక్క గూడా పోయొద్దు.

…కాలుతాది, మూత జాగ్రత్త… అవన్నీ ఆడికొచ్చినాక చెప్పు. నేర్చుకుంటా.

ఉండు. …ఏమయ్యా. చొక్కా ఏసుకో. రాయదుర్గం పోదాం. …బస్సుకే. లోపల, విత్తనాల మూట ఎనకాల క్యాను ఉండాది. ఎత్తుకోని రా.

…

నిలబడుకోనుండాడప్పా. పోల్యా. నన్నే చూస్తాండాడు.

నేనే చెప్తాండా గదయ్యా. నీ చేతులకేమీ కాదు. ఆ పొద్దు నాకు బుద్ధి లేక అంటి. పో, ఎత్తుకో.

…

ఎత్తుకున్న్యాడు తిప్పేషూ. ఒక చేత్తో ఎత్తేంత క్యానే అది. రెండు చేతులతో ఎదకు పెట్టుకోని తెస్తాండాడు.

…ఏడవనీలే. ఏడాది బాకీ అది.

…అవు. బస్సు ఆ కల్వర్టు మీదనే పోతాది. తెల్సు. ఏం చేస్తాం, బస్సుకు ఇంగో దోవ ల్యా. క్యాను ఇద్దరి మధ్యన పెట్టుకోని, పట్టుకోని కూచుంటాం. ఒక్క చుక్క తొణకనియ్యం.

…బండి మీది పట్టనా? కప్పొద్దు ఇంగ. తీసేసినావు గదా, అట్లే ఉండనీ. గాలి తగలనీ దానికి.

తిప్పేషూ…

వాని బండి కాడికి పోయి ఒక మాట చెప్తావా. …నవ్వుకున్న్యా నవ్వుకో. మీ యమ్మ నీళ్లు తెస్తాండాదని చెప్పు.

పెడతాండా. బస్సు వస్తాది.